సచివాలయంలో ‘సర్వర్ డౌన్’ అంటున్నారా? డేటాబేస్ సర్టిఫికెట్ మాయమైతే ఏం జరుగుతుంది, మీరేం చేయాలి?

నెల్లూరు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వేట నిషేధం. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 20 వేల రూపాయలు. ఆ డబ్బు చేతికి రావాలంటే పడవ రిజిస్ట్రేషన్, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ కంప్యూటర్‌లో ఒకదానితో ఒకటి సరిపోలాలి.

మీది మైపాడో, తుమ్మలపెంటో, జువ్వలదిన్నో అనుకుందాం. మీరేమో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తున్నారు. ఊళ్లో ఉన్న నాన్న కోసం ఫోన్‌లో స్టేటస్ చూస్తున్నారు. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. సచివాలయానికి ఫోన్ చేస్తే డిజిటల్ అసిస్టెంట్ చెప్పే మాట ఒకటే: ‘సర్వర్ డౌన్ అండీ, రేపు రమ్మనండి.’

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు కనిపించేది కూడా అంతే. కానీ ‘సర్వర్ డౌన్’ అనే రెండు మాటల వెనక చాలా రకాల కారణాలు ఉంటాయి. కరెంటు పోవడం, నెట్ తెగిపోవడం, ఒకేసారి లక్షల మంది మీద పడటం... ఇవన్నీ మనం ఊహించగలిగేవి. ఊహించలేనిది ఇంకొకటుంది. అన్ని యంత్రాలూ బాగానే నడుస్తుంటాయి, నెట్ ఉంటుంది, కరెంటు ఉంటుంది. నాలుగు కిలోబైట్లు కూడా లేని ఒక చిన్న ఫైలు ఉండాల్సిన చోట ఉండదు. దాని పేరే సెక్యూరిటీ సర్టిఫికెట్.

మీ నొక్కు ఎక్కడిదాకా వెళ్తుంది?

ఫోన్‌లో బటన్ నొక్కగానే మీ వివరాలు ముందుగా వెబ్ సర్వర్‌కు చేరతాయి. పేజీ చూపించేది అదే. అయితే మీ నాన్న పేరు, ఖాతా నంబరు, పడవ నంబరు దాని దగ్గర ఉండవు. అవి వెనక ఉన్న డేటాబేస్ సర్వర్‌లో ఉంటాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా ఒకరు, లోపలి రికార్డు రూములో దస్త్రాలు చూసే మనిషి ఇంకొకరు అన్నట్టు. గుమాస్తా ప్రతిసారీ లోపలికి వెళ్లి అడిగి తెచ్చి మీకు చెబుతాడు.

మీ ఫోన్‌కూ వెబ్ సర్వర్‌కూ మధ్య దారి భద్రమేనా అన్నది మీ బ్రౌజర్ చూసుకుంటుంది. తేడా వస్తే ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ఎర్ర త్రికోణంతో అడ్డు నిలబడుతుంది. వెబ్ సర్వర్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఉన్న రెండో దారి మాత్రం మీకు కనిపించదు. అక్కడ కాపలా ఉందో లేదో చెప్పే బ్రౌజర్ లేదు. వాట్సాప్ ద్వారా సేవలు వచ్చినా ఇది మారలేదు. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’లో మీరు పంపే సందేశానికి వాట్సాప్ తాళం ఉంటుంది. కానీ ఆ సందేశం ప్రభుత్వ వ్యవస్థకు చేరాక, అక్కడి నుంచి డేటాబేస్ దాకా వెళ్లే దారికి ఆ తాళంతో సంబంధం లేదు.

సర్టిఫికెట్ అంటే అసలేంటి?

జిరాక్స్ కాపీ మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించుకున్న రోజులు గుర్తున్నాయా? మీరు మీరేనని మీరు చెబితే ఆఫీసు నమ్మదు. అధికారి ముద్ర వేస్తే నమ్ముతుంది. సర్టిఫికెట్ కూడా అంతే. ‘ఈ సర్వర్ పేరు ఇది, దీని బహిరంగ తాళం ఇది, ఫలానా తేదీ వరకు చెల్లుతుంది’ అని రాసి, నమ్మకస్తుడైన మూడో సంస్థ సంతకం చేసిన పత్రం అది. దానికి జోడీగా సర్వర్ దగ్గర రహస్య తాళంచెవి ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరికీ చూపించకూడదు. రెండూ కలిస్తేనే పని. తాళంచెవి పోతే సర్టిఫికెట్ చేతిలో ఉన్నా లేనట్టే, కొత్తది తీసుకోవాల్సిందే.

మన దేశంలో డిజిటల్ సంతకాలు జారీ చేసే సంస్థలకు లైసెన్సులిచ్చేది 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, క్లుప్తంగా సీసీఏ. ఈ సంతకాల గొలుసు తెగితే ఎలా ఉంటుందో 2014లో మనవాళ్లే చూశారు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు వెన్నెముక లాంటి ఎన్‌ఐసీకి అప్పట్లో సర్టిఫికెట్లు జారీ చేసే విభాగం ఉండేది. దాని నుంచి గూగుల్, యాహూ పేర్ల మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ ఆ ఏడాది జూలై 2న దీన్ని గుర్తించింది. మర్నాడే సీసీఏ ఎన్‌ఐసీ మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని, తప్పుగా జారీ అయినవి నాలుగేనని సీసీఏ చెప్పింది. అవి కాక ఇంకా ఉన్నట్టు తమకు తెలుసని గూగుల్ అంది. ఆ తర్వాత క్రోమ్ బ్రౌజర్ మన సీసీఏ ముద్రను గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్ వంటి కొన్ని చిరునామాలకే పరిమితం చేసింది.

‘లేదు’ అంటే ఎన్ని రకాలుగా లేదు?

డేటాబేస్ సర్వర్‌కు సర్టిఫికెట్ లేదని తెలిసినప్పుడు టెక్నీషియన్ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను తీసుకుందాం. భద్రమైన దారి కావాలని సెట్టింగుల్లో రాసి, సర్టిఫికెట్ ఫైలు మాత్రం అక్కడ లేకపోతే అది అసలు లేవనే లేవదు. స్టార్ట్ చేయగానే ‘సర్వర్ సర్టిఫికెట్ ఫైలు తెరవలేకపోయాను’ అని లాగ్‌లో ఒక వాక్యం రాసి ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌దీ దాదాపు ఇదే పట్టు. దానికి ఫలానా సర్టిఫికెట్ వాడమని చెప్పి ఉంచి, అది కనిపించకపోయినా, చదవలేకపోయినా కనెక్షన్లు తీసుకోనని మొరాయిస్తుంది.

విచిత్రం ఏమిటంటే, ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘లేదు’ అనొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో రహస్య తాళంచెవి ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా అనుమతులుంటే అది ఒప్పుకోదు, భద్రత లేదని ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సాధారణంగా దీనికి తలకిందులు: డేటాబేస్ నడిచే ఖాతాకు ఆ తాళంచెవి చదివే అనుమతి ఇవ్వడం మరిచిపోతారు. ఒకచోట తలుపు మరీ తెరిచినందుకు, ఇంకోచోట మరీ మూసినందుకు. రెండింటి ఫలితం మీ ఫోన్‌లో మాత్రం ఒకటే చక్రం.

ఇవి కాస్త మంచి రకాలు, ఎందుకంటే గోల చేస్తాయి. అసలు భయపడాల్సింది గోల చేయని రకానికి. పోస్ట్‌గ్రెస్‌కు కలిసే ప్రోగ్రాముల్లో డిఫాల్ట్ సెట్టింగ్ ‘వీలైతే భద్రంగా, లేకపోతే మామూలుగా’ అన్న ధోరణిలో ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌దీ అంతే. అంటే కొత్త సర్వర్ పెట్టినప్పుడు ఎవరో భద్రత సెట్టింగే ఆన్ చేయలేదనుకోండి, వెబ్ సర్వర్ మారు మాట్లాడకుండా తాళం లేని దారిలో మాట్లాడటం మొదలుపెడుతుంది. పేజీ తెరుచుకుంటుంది. రసీదు వస్తుంది. ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు లోపలి నెట్‌వర్క్‌లో బట్టబయలుగా తిరుగుతుంటాయి. అందరూ సంతోషంగానే ఉంటారు. ‘లోపలి నెట్‌వర్కే కదా, ఎవరొస్తారు’ అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. చొరబాటుదారు ఒక చిన్న కంప్యూటర్‌లోకి దూరాక మొదట వెతికేది సరిగ్గా ఆ లోపలి దారినే.

మరమ్మతు ఎక్కడ మొదలవ్వాలి?

వెబ్ పేజీలో కనిపించే ఎర్రర్ దగ్గర కాదు, డేటాబేస్ లాగ్ దగ్గర. తెగింది మొదటి దారా, రెండో దారా అన్నది అక్కడే తేలుతుంది. డేటాబేస్ లేవకపోతే లాగ్ చివరి నాలుగు వాక్యాలు చాలు. లేచినా కనెక్షన్ కుదరడం లేదంటే సర్టిఫికెట్ మీది పేరు, తేదీ, సంతకాల గొలుసు చూడాలి.

పేరు దగ్గర చాలామంది దెబ్బతింటారు. సర్టిఫికెట్‌లో పూర్తి పేరు ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం ఐపీ నంబరుతోనో పొట్టి పేరుతోనో పిలుస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరంగా ఉంటే బ్యాంకులో పడే తిప్పలు మీకు తెలిసినవే, ఇదీ అలాంటిదే. గొలుసు సంగతి కూడా అంతే తరచుగా వస్తుంది. 2022లో మైక్రోసాఫ్ట్ తన ఓడీబీసీ డ్రైవర్ 18వ వెర్షన్ నుంచి భద్రమైన దారినే డిఫాల్ట్ చేసింది. అంతకుముందు ఏళ్ల తరబడి ‘బాగా పనిచేసిన’ ఎన్నో అప్లికేషన్లు డ్రైవర్ మార్చగానే ‘ఈ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ నాకు తెలియదు’ అని ఆగిపోయాయి. నిజానికి అక్కడ కొత్తగా ఏదీ పాడవలేదు. సర్వర్ తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది, ఇప్పుడు అడిగేవాడు వచ్చాడు.

తేదీల్లో ఒక టైమ్‌బాంబు కూడా ఉంది. 2015లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి, సర్టిఫికెట్ లేకపోతే అదే సొంతంగా తయారుచేసుకుంటుంది. వాటి గడువు పదేళ్లు. అప్పట్లో పెట్టి మరిచిపోయిన సర్వర్లలో వాటికి ఇప్పుడు కాలం చెల్లుతోంది.

పెద్ద కంపెనీలూ తేదీ మరిచిపోతాయి. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి, బ్రిటన్‌లో ఓటూ నెట్‌వర్క్ మీద ఆధారపడ్డ 3 కోట్లకు పైగా వినియోగదారులకు మొబైల్ డేటా పోయింది. అమెరికాలో ఈక్విఫ్యాక్స్ కథ ఇంకా ఘోరం. రాకపోకల్ని తనిఖీ చేసే యంత్రంలో సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఎవరూ చూసుకోలేదు. 2017లో దొంగలు 76 రోజుల పాటు డేటాబేస్‌లు తోడుకున్నారు. జూలై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టగానే అనుమానాస్పద రాకపోకలు కనిపించాయి. అప్పటికి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు వెళ్లిపోయాయి.

ఇలాంటి ఒత్తిడిలో, బయట క్యూ పెరుగుతుంటే, టెక్నీషియన్ చేతికి ఒక అడ్డదారి దొరుకుతుంది. కనెక్షన్ సెట్టింగులో ‘సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్ము’ అని ఒక మాట చేర్చితే చాలు, ఎర్రర్ పోతుంది. ఎదుటివాడు ఎవరైనా సరే నమ్మమని దాని అర్థం. ఆ పూటకి పని గడిపేందుకు వాడితే తప్పు పట్టలేం. కానీ తాత్కాలికం అని పెట్టిన ఆ మాట తీసేసే రోజు రాదు, క్యూ తగ్గగానే అందరూ మరిచిపోతారు. అసలు మరమ్మతు అంటే సరైన సర్టిఫికెట్ పెట్టి, పేరునూ గొలుసునూ పరిశీలించే కఠినమైన సెట్టింగుతో కలిపి చూసి, నిజంగానే ప్రతి కనెక్షన్ తాళంతో నడుస్తోందా అని డేటాబేస్‌నే అడిగి తెలుసుకోవడం. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక పట్టికే ఉంది.

తిరిగి రాని నష్టం: బ్యాకప్ ఉంది, తాళం లేదు

ఇంతవరకు చెప్పినవన్నీ గంటల్లోనో రోజుల్లోనో సర్దుకునేవి. ఇంకో రకం ఉంది. అది తీర ప్రాంతానికి మరీ ముఖ్యం.

డేటా దారిలో ఉన్నప్పుడే కాదు, డిస్కు మీద నిద్రపోతున్నప్పుడు కూడా తాళం వేయొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచి ఉన్న ఈ పద్ధతిని టీడీఈ అంటారు. డిస్కు ఎవరైనా ఎత్తుకుపోయినా చదవలేరు. మంచిదే. కానీ ఆ తాళాన్ని తెరిచేది కూడా ఒక సర్టిఫికెట్టే. అది డేటాబేస్‌తోపాటు ఆ డేటాబేస్ బ్యాకప్‌లోకి రాదు. సర్వర్‌లోనే వేరే చోట ఉంటుంది, దాన్ని విడిగా, రహస్య తాళంచెవితో సహా, పాస్‌వర్డ్ పెట్టి భద్రపరచాలి.

నెల్లూరువాళ్లకు నవంబరు గురించి చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున ఒక సంస్థ, అది ఆసుపత్రి కావొచ్చు, సహకార బ్యాంకు కావొచ్చు, ఆక్వా కంపెనీ కావొచ్చు, తన సర్వర్ గదిలో నీళ్లు చేరాక వేరే ఊళ్లో ఉంచిన బ్యాకప్‌ను కొత్త సర్వర్ మీదికి ఎక్కించిందనుకుందాం. ‘ఈ వేలిముద్ర గల సర్వర్ సర్టిఫికెట్ దొరకలేదు’ అన్న జవాబు వస్తుంది. ఎర్రర్ నంబరు 33111. బ్యాకప్ చెక్కుచెదరలేదు. ప్రతి అక్షరం అందులోనే ఉంది. చదవడానికి మాత్రం దారి లేదు. అదే పేరుతో కొత్త సర్టిఫికెట్ చేసుకుంటే కుదరదు, దాని తాళం వేరు. మైక్రోసాఫ్ట్‌ను అడిగినా వాళ్ల దగ్గరా ఇంకో తాళంచెవి ఉండదు.

పాత సర్వర్ ఎలాగైనా ఒక్కసారి లేస్తే బతికిపోయినట్టే, సర్టిఫికెట్‌ను అక్కడి నుంచి బయటికి తీసి కొత్తదానిలో పెట్టొచ్చు. లేవకపోతే మాస్టర్ డేటాబేస్ పాత బ్యాకప్ కోసం వెతకాలి. అదీ లేకపోతే ఆ రికార్డులు పోయినట్టే. ఇక్కడ గడువు తీరడం పెద్ద సమస్య కాదు, గడువు తీరిన సర్టిఫికెట్ కూడా ఈ తాళాన్ని తెరుస్తుంది. పోగొట్టుకోవడమే సమస్య. మీరు ఏ చిన్న సంస్థలోనైనా ఐటీ పని చూస్తుంటే, ఈ వారంలో ఒక బ్యాకప్‌ను సంబంధం లేని వేరే సర్వర్ మీద ఎక్కించి చూడండి. బ్యాకప్ ఉందని రిజిస్టర్‌లో రాసుకున్నంత మాత్రాన అది తెరుచుకుంటుందని కాదు.

ఇకముందు ఇవి పెరుగుతాయా?

బహిరంగ వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గడువు 2026 మార్చి 15కు ముందు వరకు గరిష్ఠంగా 398 రోజులు. బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం అది 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. అంటే ఏడాదికోసారి ఒక ఉద్యోగి గుర్తు పెట్టుకుని మార్చే పద్ధతి ఇక చెల్లదు. దాన్ని యంత్రానికే అప్పగించని ఆఫీసుల్లో ‘సర్వర్ డౌన్’ బోర్డు మరింత తరచుగా కనిపిస్తుంది. లోపలి డేటాబేస్‌లకు సంస్థలు తామే ఇచ్చుకునే సర్టిఫికెట్లకు ఈ నియమం వర్తించదు, కానీ రెండింటినీ చూసేది సాధారణంగా ఆ ఒకరిద్దరు మనుషులే.

మీ చేతిలో ఉన్నవి

హెచ్చరిక మీ ఫోన్‌లోనే కనిపిస్తే ముందు తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పాత ఫోన్‌లో తేదీ వెనక్కి పోతే ప్రతి వెబ్‌సైటూ దొంగలాగే కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరున్న ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు వాడే సైట్లు తెరుచుకోకపోవచ్చు, తప్పు సైట్‌ది కాదు. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలో వస్తే మొబైల్ డేటాకు మారి చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉండీ హెచ్చరిక వస్తుంటే ‘అయినా ముందుకు వెళ్లు’ నొక్కి ఆధార్, ఓటీపీ ఇవ్వకండి. ప్రభుత్వ సైటైనా సరే.

హెచ్చరిక లేదు కాబట్టి సైట్ అసలుదేనని కూడా అనుకోవద్దు. మోసగాళ్ల సైట్లకు కూడా సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతాయి. అందుకే క్రోమ్ 2023లో తాళం గుర్తునే తీసేసింది. చూడాల్సింది చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందా అని. భృతి పేరుతో వాట్సాప్‌లో వచ్చిన లింకులో వివరాలిచ్చి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మీకు హెచ్చరిక లేకుండా ‘సర్వర్ ఎర్రర్’ మాత్రమే వస్తుంటే లోపం వాళ్ల వైపుది. పదేపదే నొక్కకండి, డబ్బు కట్టే పేజీలో అసలు నొక్కకండి. రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదముంది. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోపం ఎక్కడుందో లాగ్‌లో వెతికేవారికి ఆ సమయమే దారి చూపిస్తుంది.

లోపలి దారి సంగతి మీరు సరిచేయలేరు, అడగగలరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం మన వివరాలు ఉంచుకున్నవారు తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. వివరాలు బయటపడితే ఆ సంగతి మనకు చెప్పాలి. దీని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

ఇక గడువు దగ్గరపడిన దరఖాస్తు ఉంటే ‘రేపు రండి’ అన్న మాటతో నాన్నను వెనక్కి రానివ్వకండి. దరఖాస్తును కాగితం మీద ఇచ్చి, ‘సర్వర్ పనిచేయనందున ఆన్‌లైన్ చేయలేదు’ అని తేదీతో రాయించి, స్టాంపు వేయించుకోమనండి. మత్స్యశాఖ ఉద్యోగికి కూడా ఒక కాపీ ఇవ్వాలి. ఆ కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టొచ్చు. దాని స్థితిని 1100కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.